సార్లను కాంటాకెక్కిద్దాం

జనగామ దగ్గర ఒక వడ్ల కొనుగోలు కేంద్రం. కార్తీక మాసం. పన్నెండు రోజులుగా కల్లంలో వడ్లు ఆరబోసి, రాత్రి పరదా కప్పి, పొద్దున తీసి, మబ్బు పడితే మళ్లీ కప్పి, ఎట్టకేలకు కాంటా దాకా వచ్చాడు ఒక తాత. తేమ 17 శాతం దాటొద్దు. మిషన్ 17.4 అంటోంది. దాని వెనక కూర్చున్న పిలగాడు గుప్పెడు వడ్లు అరచేతిలో పోసుకుని ఉఫ్‌మని ఊది, "తాలు బాగుంది తాతా, బస్తాకు రెండు కిలోలు తరుగు పోతది" అన్నాడు. తాత నోరు మెదపలేదు. సరిగ్గా అప్పుడే ఆ ఊరి బడి సారు బండి మీద పోతూ హారన్ కొట్టి చెయ్యెత్తాడు. నా వాచీలో పదీ ఐదు.

"గా సారుకు నెలకు లచ్చ రూపాలంట," అన్నాడు తాత, బండి పోయిన వైపే చూస్తూ. "ఆయన్ను గూడ ఒకపాలి కాంటకెక్కియ్యుండ్రి. తేమెంతుందో, తాలెంతుందో మేం గూడ జూస్తం."

చదువుల మీద ఇంత సూటి మాట ఏ సెమినార్లోనూ నా చెవిన పడలేదు. అందుకే కింద పడకుండా పట్టుకున్నాను. కాంటా పెడదాం.

ముందు బస్తా బరువు. తెలంగాణ వచ్చిన కొత్తలో, 2015లో, ఉద్యోగులకు 43 శాతం ఫిట్‌మెంట్ దక్కింది. తర్వాతి విడతలో బిస్వాల్ వేతన సవరణ కమిషన్ లెక్కలన్నీ తిరగేసి 7.5 శాతం చాలంది. 2021 మార్చిలో ముఖ్యమంత్రి కేసీఆర్ శాసనసభలో 30 శాతం ప్రకటించారు. ఏడున్నర కిలోల మూట ముప్పై కిలోలు తూగితే మా కొనుగోలు కేంద్రంలో కాంటా సీజ్ చేస్తారు. సర్కారు కాంటా మీద అది జీవో అయింది. పనిలో పనిగా రిటైర్మెంటు 58 నుంచి 61కి జరిగింది. ఆ స్కేళ్ల ప్రకారం ప్రాథమిక తరగతులకు కొత్తగా చేరే ఎస్జీటీకి మూలవేతనం 31,040 రూపాయలు, స్కూల్ అసిస్టెంటుకు 42,300. డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలుపుకుంటే ఎస్జీటీ మొదటి నెలలోనే నలభై వేలు దాటతాడు. పాతికేళ్ల ఇంక్రిమెంట్లు పండిన సారు లక్ష దాటతాడు. తాత లెక్క తప్పేం కాదు.

అదే 2021, ఏప్రిల్. కరోనా దెబ్బకు ప్రైవేటు బడులు మూతపడ్డాయి. వాటిలో పాఠాలు చెప్పుకునేవాళ్లకు అదే ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. ఒక సారుకు ముప్పై శాతం, ఇంకో సారుకు ఇరవై ఐదు కిలోలు. రెండు ప్రకటనలకు మధ్య నెల రోజులు కూడా లేవు. ఇద్దరిదీ అదే బీఎడ్, అదే సుద్దముక్క. కాకపోతే ఒకాయనకు ఓటూ, సంఘమూ రెండూ ఉన్నాయి. ఇంకో ఆయనకు ఓటొక్కటే ఉంది. పన్ను కట్టేవాడి డబ్బుకు గిట్టుబాటు ఎలా చూస్తారో తెలుసుకోవాలంటే ఆర్థికశాస్త్రం అక్కర్లేదు, ఆ రెండు ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

ఇక పంట సంగతి. 2024 అసర్ సర్వే ప్రకారం మన పల్లెల సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లలను రెండో తరగతి పాఠం చదవమంటే, చదివేవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. తాత కాంటా మీద ఈ పంట నిలవదు, తాలు కింద పోతుంది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అయితే సభల్లో సార్లను ఎదురుగా కూర్చోబెట్టుకునే అడుగుతున్నారు: ప్రైవేటులో చెప్పేవాళ్లు మీకంటే ఎక్కువ చదివారా, మరి పిల్లలు అటెందుకు పోతున్నారు? అడగాల్సిన ప్రశ్నే. అడుగుతున్నాయన విద్యాశాఖను తన దగ్గరే అట్టిపెట్టుకున్న మంత్రి కావడం ఒక్కటే చిన్న చిక్కు. దుకాణం యజమాని గల్లాపెట్టె మీద కూర్చుని, ఈ షాపులో సరుకు ఎందుకు బాగాలేదని గుమాస్తాను నిలదీసినట్టుంది.

కాంటా పెట్టినవాడు తరుగు కూడా తీయాలి కదా. తీద్దాం.

సారు బడికి వచ్చాడనుకోండి, పదీ ఐదుకే అనుకోండి. 2025 ఆగస్టు 1 నుంచి ఆయన ముఖం ఫోనుకు చూపించాలి. అది ఆయన్ను గుర్తుపట్టాలి. తర్వాత పిల్లల ముఖాలు. ఒక అడవి మండలంలోని బడిలో ఈ తంతు దగ్గరుండి చూశాను. సిగ్నల్ వరండాలో అందదు, వేపచెట్టు దగ్గర ఒక గీత, బోరింగు గద్దె ఎక్కితే రెండు గీతలు. ఇరవై ముగ్గురు పిల్లలు బోరింగు చుట్టూ క్యూ కట్టారు. ఒక పిల్లకు ముందు రోజు గుండు చేయించారు, మేడారం మొక్కు. ఫోను ఆ పిల్లను గుర్తుపట్టనంది. సారు గుర్తుపట్టాడు, పక్కింటి అవ్వ గుర్తుపట్టింది, బడి కుక్క కూడా గుర్తుపట్టి తోకూపింది. ఫోను మాత్రం ససేమిరా అంది. సారు గద్దె మీద నిలబడి ఫోను ఆకాశానికెత్తి పట్టుకున్న ఆ ఇరవై నిమిషాలూ ప్రభుత్వ లెక్కలో విద్యాబోధనే. ఆ తర్వాత మధ్యాహ్న భోజనం ఎంతమంది తిన్నారో ఇంకో యాప్‌లో, చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు పథకంలో ఎవరు ఏ మెట్టు మీదున్నారో మరో చోట. మెట్టెక్కించే తీరిక మాత్రం ఏ యాప్‌లోనూ లేదు.

2024 నవంబరులో సమగ్ర కుటుంబ సర్వే వచ్చింది. రాష్ట్రమంతటా 36,559 మంది ఎస్జీటీలు, 3,414 మంది ప్రాథమిక పాఠశాలల హెచ్ఎంలు ఇంటింటికీ తిరిగి 75 ప్రశ్నలు అడిగారు. ప్రాథమిక బడి ఒంటిపూటకు కుదించుకుపోయింది. ఊళ్లో ఎవరింట్లో ఫ్రిజ్ ఉందో సారుకు కంఠతా వచ్చింది, ఎవరి పిల్లకు ఎక్కాలు రావో మాత్రం ఆ 75లో లేదు. ఎన్నికలొస్తే పోలింగ్ డ్యూటీ, మధ్యలో ఓటరు జాబితా, పదో తరగతి పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్. లక్ష రూపాయల మనిషిని కొని, ఆయనతో పదిహేను వేల గుమాస్తా పని చేయించుకుని, గిట్టుబాటు కాలేదని మొత్తుకునే కొనుగోలుదారును జనగామ పత్తి మార్కెట్లో కూడా ఎవరూ చూసి ఉండరు. ఎడ్లను కొని వాకిట్లో కట్టేసి, దున్నడం లేదేమిటని కొట్టడమే ఇది.

పైగా ఎడ్లకు మేత ఉంటే సరే, నాగలి సంగతో? ముప్పై మంది పిల్లలున్న బడికి సుద్దముక్క నుంచి కరెంటు బల్బు దాకా ఏడాదికి వచ్చే గ్రాంటు 10,000 రూపాయలు. అక్కడ వంట చేసే అమ్మకు నెలకు 3,000 గౌరవ వేతనం, అదీ ఇస్తే. ఆ 3,000ను పది వేలు చేస్తామన్న మాట కాంగ్రెస్ మేనిఫెస్టోలో ఇంకా ఆరుతోంది, దాని తేమ శాతం ఇప్పట్లో తగ్గేలా లేదు. ఇంతకూ ఆ బడిలో కచ్చితంగా వేళకు వచ్చేదీ, వచ్చినట్టు రుజువు కడుపుకు తెలిసేదీ ఆవిడ ఒక్కతే.

అన్నిటికన్నా రసవత్తరమైన తరుగు ఒకటుంది. 2024-25 యూడైస్ లెక్కల్లో తెలంగాణలో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు 2,245. వాటి పేరు మీద ఉన్న టీచర్లు 1,016 మంది. అంటే పిల్లల్లేని ప్రతి బడికీ దాదాపు అర సారు చొప్పున ఉన్నాడు. మహబూబాబాద్ తండాల్లో ఐదు తరగతులకు ఒకే ఒక్క సారున్న బడులను చూసి నొచ్చుకునేవారు గమనించాలి: విద్యార్థికి ఇంతమంది టీచర్లు అన్న నిష్పత్తిలో మనం ఫిన్లాండును ఎప్పుడో దాటేశాం, సున్నాతో భాగించాం. ఆ వెయ్యీ పదహారు మంది ఉత్తినే కూర్చోలేదనీ, వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద పక్క బడులకు పోయారనీ అధికారులు అంటారు. కావచ్చు. అడ్జస్ట్‌మెంట్ అన్న మాటకు మన విద్యాశాఖలో ఉన్నన్ని అర్థాలు నిఘంటువులో లేవు.

సార్లను ఇంతగా వెనకేసుకొచ్చాను కాబట్టి ఇప్పుడు తాలు దగ్గరికి వస్తాను.

ఒకప్పుడు ఒకే వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్ 11న ముక్కలైంది. తర్వాత జోన్లు గీసినప్పుడు జనగామ యాదాద్రి జోనుకు, మహబూబాబాద్ భద్రాద్రికి, భూపాలపల్లి కాళేశ్వరానికి పోయాయి. మూడు జిల్లాలనూ ముగ్గురు దేవుళ్లకు అప్పగించారు. సార్లు మాత్రం హన్మకొండలోనే ఉన్నారు. పొద్దున కాజీపేటలో రైలెక్కి కొందరు జనగామ వైపు, వరంగల్‌లో ఎక్కి కొందరు మహబూబాబాద్ వైపు, నలుగురు కలిసి పెట్టుకున్న కారులో పరకాల మీదుగా భూపాలపల్లి వైపు. జనగామకైతే అటు ఉప్పల్ నుంచి కూడా ఒక పాయ వచ్చి కలుస్తుంది. ఊళ్లో కాపురం ఉండాలని ప్రభుత్వం మూలవేతనంలో 11 శాతం ఇంటి అద్దె ఇస్తోంది. అది హన్మకొండ ఇంటి ఈఎంఐకి చక్కగా సరిపోతుంది. ఆ రైలుపెట్టెలో కూర్చుని వినాలి: ఆగిపోయిన డీఏలు, సీపీఎస్ పెన్షన్ పద్ధతి రద్దు, ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచిన 317 జీవోలో తనకంటే జూనియర్ ఎలా దగ్గరి మండలం కొట్టేశాడు, రింగు రోడ్డు పక్కన గజం ఎంత పలుకుతోంది. ఒక గంట ప్రయాణంలో పిల్లల మాట ఒక్కసారి వచ్చింది, అదీ సొంత పిల్లలది, నీట్ ర్యాంకు గురించి.

డీఏ బకాయి అబద్ధం కాదు, 317తో ఆలుమగలు చెరో జిల్లాకూ పడిన మాట అబద్ధం కాదు. సంఘాలు వాటి మీద ధర్నా చేస్తే న్యాయమే. అయితే ఇన్నేళ్లలో ఏ సంఘమైనా "మా మూడో తరగతి వాడికి చదవడం రావడం లేదు" అన్న బ్యానరు పట్టుకుని కలెక్టరేటు ముందు కూర్చున్నట్టు ఎవరైనా ఫోటో చూపిస్తే, ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

తండాలో ఇల్లు తీసుకుని, లంబాడీ పిల్లవాడితో వాడి గోర్ బోలీలో నాలుగు మాటలు కలిపి, ఆ మాటల మీదుగా తెలుగులోకి చెయ్యి పట్టుకుని నడిపించే సారు లేడా? ఉన్నాడు. నేను ఎరుగుదును. ఆ పిల్లవాడికి తెలుగే పరాయి భాష, 2022 నుంచి ఆ పైన ఇంగ్లీషు మీడియం కూడా వచ్చి పడింది. రెండు ఏరులూ ఒకేసారి దాటిస్తున్నాడా మనిషి. ఆయనకూ, పదీ ఐదుకు వచ్చి మూడూ యాభైకి పోయే సారుకూ ఇంక్రిమెంటు ఒకే తేదీన, ఒకే పైసల్లో పడుతుంది. సెప్టెంబర్ 5న పెంబర్తి ఇత్తడి జ్ఞాపిక మాత్రం రెండో ఆయనకే వస్తుంది, దానికి దరఖాస్తు పెట్టుకునే తీరిక ఆయనకే ఉంది కాబట్టి.

జీతం పెంచితే చదువు పెరుగుతుందా, తగ్గిస్తే పెరుగుతుందా అని లోకం ఊరికే కొట్టుకోవడం లేదు, తూచి కూడా చూసింది. ఇండోనేషియాలో టీచర్ల మూలవేతనం రెట్టింపు చేశారు. ఉద్యోగం మీద సంతృప్తి పెరిగింది, పిల్లల మార్కులు కదల్లేదు. ఇక మన ఇంట్లోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో, 2005 నుంచి కార్తీక్ మురళీధరన్ బృందం కాంటా పెట్టింది. పిల్లల సగటు మార్కులు ఐదు శాతం మించి పెరిగితే, ఆపైన ప్రతి శాతానికీ టీచరుకు 500 రూపాయల బోనస్. మొత్తం కలిపినా జీతంలో మూడు శాతం. లెక్కలూ భాషా రెండిట్లోనూ పిల్లలు మెరుగయ్యారు. అదే బృందం, జీతంలో చిన్న వంతుకు పనిచేసే కాంట్రాక్టు టీచరు రెగ్యులర్ టీచరుకు తీసిపోవడం లేదనీ, పల్లె ప్రైవేటు బడి మూడో వంతు ఖర్చుతో తెలుగు, లెక్కల్లో సర్కారు బడి పాటి ఫలితమే తెస్తోందనీ కూడా తేల్చింది. ఆ కాగితాలు ప్రపంచమంతా చదివారు. మన సచివాలయంలో 30 శాతమా 7.5 శాతమా అని బేరమాడిన రోజున ఆ 500 ఎవరికీ గుర్తు రాలేదు. ఆ కాగితాలను ఈ మధ్య ఎక్కువగా చేతబట్టుకు తిరిగేది జీతాలు కోయాలనేవాళ్లు. ప్రైవేటు సారు చౌక అన్న పేజీ దగ్గరే వాళ్ల వేలు ఆగుతుంది. బియ్యం సంచి పేజీ దాకా పోదు.

ఇంతకీ పన్ను కట్టేవాడు ఎవరయ్యా? "నా ట్యాక్సు డబ్బు" అని టీవీ ముందు చిందులేసే పెద్దమనుషులకు ఒక మనవి. ఊళ్లో పైసా దాచకుండా ఆదాయప్పన్ను కట్టేది ఆ సారొక్కడే, జీతం చేతికి రాకముందే కోసేస్తారు. ఆ తర్వాతి మహాదాత సాయంత్రం బెల్టుషాపు ముందు కూర్చున్నవాడు. 2023లో మద్యం దుకాణాల దరఖాస్తు ఫీజులకే సర్కారుకు 2,639 కోట్లు వచ్చాయి, సీసా మూత ఇంకా తీయకముందే. ఆ దాత ఏనాడూ తన డబ్బుకు గిట్టుబాటు అడగలేదు. అడిగే ఓపికా ఉండదు, లేచి నిలబడాలి కదా.

అడిగేవాళ్లు కూడా అన్నిచోట్లా అడగరు. రాష్ట్రానికి నెలకు వచ్చేది 18,500 కోట్లయితే జీతాలకూ పెన్షన్లకూ 6,500 కోట్లు, అప్పులకు దాదాపు అంతే పోతున్నాయని 2025లో ముఖ్యమంత్రి చెప్పారు. జీతాల మీద చర్చ జరిగింది. అప్పుల్లో కొంత భూపాలపల్లి జిల్లాలోనే, మహదేవ్‌పూర్ మండలంలో, నీళ్లలో నిలబడి ఉంది. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ ఏడో బ్లాకు కుంగింది. ఆ ప్రాజెక్టు ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటొచ్చని కాగ్ లెక్కగట్టింది. అక్కడ పునాది వేసినవాడి ముఖం ఏ ఫోనుకూ చూపించమనలేదు. అదే జిల్లాలో సింగరేణి గని ఉంది. కార్మికుడి జీతం ఎక్కువని అక్కడ ఎవరూ అనరు, బొగ్గు టన్నుల్లో కనిపిస్తుంది. సారు తవ్వేది కనిపించదు. కనిపించనిది కాబట్టి ఎవరికి తోచిన ధర వాళ్లు కడతారు. కావాలంటే పోతనను కూడా ఈడ్చుకొస్తారు. మా జనగామ జిల్లాలోనే బమ్మెర, రాజు సొమ్ముకు ఆశపడకుండా నాగలి పట్టినాయన ఊరు. ఆయన జీతం తీసుకున్నాడా, మీకెందుకని సన్మాన సభల్లో వక్తలు. భాగవతాన్ని ఆయన ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేయాల్సి రాలేదు మరి.

నా సంగతి కూడా చెప్పుకోవాలి, కాంటా ఎక్కాలి కదా. మా నాయిన సర్కారు సారు. ముప్పై మూడేళ్లు పల్లె బడుల్లో చెప్పాడు. ఆ జీతంతో నన్ను ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో చదివించాడు, ఒక్కనాడూ తన బడిలో కూర్చోబెట్టలేదు. ఒకసారి అడిగాను, ఎందుకని. "నా పిల్లగానివి కదరా," అన్నాడు, అందులో దాచాల్సిందేమీ లేదన్నట్టు. ఇప్పుడు ఆయన పెన్షన్ ఒకటో తారీఖున పడుతుంది, నేను ఇలాంటి వ్యాసాలు రాస్తుంటాను. ప్రజాధనంతో తయారైన సరుకును నేను. తేమ చూసుకోండి.

ఆ రోజు తాత వడ్లు లారీకెక్కేసరికి సాయంత్రమైంది. మూడూ యాభైకి సారు బండి మళ్లీ హారన్ కొట్టుకుంటూ పోయింది. కాసేపటికి పసుపుపచ్చ బడి వ్యాను కల్లం పక్కన ఆగింది. టై కట్టుకున్న మనవరాలు దూకింది. ఐదో తరగతట, ఏడాదికి ముప్పై వేలట. వడ్ల పైసలు పడగానే మొదటి కంతు అక్కడికే.

తాత చొక్కా జేబులోంచి కొనుగోలు రసీదు తీసి పిల్ల చేతిలో పెట్టాడు. "సదువు బిడ్డా, సారు ఇంటడు." పాప రసీదు మొహానికి దగ్గరగా పెట్టుకుని ఒక్కో అక్షరం గట్టిగా చదవసాగింది. "పీ... ఏ... డీ... డీ... వై." మాట మాత్రం పలకలేదు, అక్షరాలే. తర్వాత గీత, మళ్లీ అక్షరాలు, మళ్లీ గీత. తాత నావైపు తిరిగాడు, కళ్లు మెరుస్తున్నాయి. "ఇంటున్నవా సారూ, అంతా ఇంగిలీషే!"

"తరుగు ఎంత తీశారో చూడమ్మా," అన్నాను.

పాప పై నుంచి కిందికి వేలు పెట్టి వెతికింది. కాగితం తిప్పి వెనక కూడా చూసింది.

"అది రాయలేదు అంకుల్."